లోకార్పణ కాని పడవ

చిన్నాయనకు,

ఇక్కడ అందరం క్షేమం. వరద సాయానికి నిధులు తెప్పించిన, మీరు పీఏగా ఉన్న ఎమ్మెల్యే సాహెబ్‌కు కూడా ఆ మాట చెప్పండి. మోటారు పడవ చాలా బాగుంది. అదే నిధులతో సమాజ్ భవన్‌కు వేసిన కొత్త టైల్స్ మీద, ఎర్ర రిబ్బన్ కట్టుకుని, చుక్క నీరు తగలకుండా భద్రంగా ఉంది.

మొన్న ఇరై నది మన గల్లీలోకి వచ్చినప్పుడు మీ అమ్మను పెళ్లివంటల గంజులో కూర్చోబెట్టి, నేనూ తమ్ముడు ప్రశాంతూ నడుంలోతు నీళ్లలో తోసుకుంటూ ఆ భవన్‌కే తెచ్చాం. దారిలో గంజు రెండుసార్లు ఒరిగింది. నాయనమ్మ దిగీ దిగగానే పడవను చూసింది.

"గిది ఈడుండంగ నన్ను గంజుల ఎందుకు తెచ్చిర్రు?"

"ఆజీ, లోకార్పణ కాలే ఇంకా. మంత్రి సాబ్ వచ్చి రిబ్బన్ కోస్తేనే బయటికి తియ్యాలె," అన్నాడు వాచ్‌మన్ ధనరాజ్.

ఆమెకు మరాఠీ అంతంతమాత్రమే కదా, లోకార్పణ అంటే ప్రారంభోత్సవమని తెలీదు. "లోకార్పణనా? ఏ లోకానికిరా? నేను గంజుల సగం దూరం పోయే వచ్చిన!"

భవన్ అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఎల్లుండి మళ్లీ పెద్ద వాన అంటున్నారు. మంత్రిగారి తారీకు దొరికేదాకా వానను ఆగమనడానికి మాకు పరిచయాలు లేవు, మీకున్నాయి. అదీ కాకపోతే మీరే రండి. ఇక గంజు ఎక్కనని నాయనమ్మ మొండికేసింది. "నా కొడుకు సాహెబ్ దగ్గరున్నడు, వాడే వచ్చి మోస్తడు" అని గల్లీ అంతా చెప్పుకుంటోంది.

మీ అన్న బిడ్డ