పైపు మీద టెస్టు

మంగళవారం రాత్రి, తుబ్లీ (గల్ఫ్)

సబ్జెక్టు మార్చుకునే ఫారం రేపు ఇచ్చెయ్యాలి. హయ్యర్ మ్యాథ్స్‌లో నాకు డెబ్బై ఒకటి వస్తోంది. మామూలు మ్యాథ్స్‌కు మారితే తొంభై దాటుతుంది. యూనివర్సిటీ వాళ్ళు చూసేది మార్కులే కదా అని ఇవాళ కౌన్సెలర్ మేడంతో వాదించాను.

"మన స్కూల్లో ఏయే సబ్జెక్టులు ఉన్నాయో కూడా రాసి పంపుతామమ్మా. కష్టమైనది అందుబాటులో ఉండి కూడా నువ్వు తీసుకోలేదని వాళ్ళకు తెలిసిపోతుంది," అంది.

నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం నాన్న వర్క్‌షాపు నుంచి రాగానే ఫారం ముందు పెట్టి సంతకం అడిగాను. సంగతంతా విని, వెల్డర్ కదా, తన పని మాటే చెప్పాడు.

"కొత్తోళ్ళకు టెస్టు పెడ్తం గదా బిడ్డా. సాపు పలక మీద అతుకు ఎవ్వడైనా ఏస్తడు. ఏటవాలుగ బిగించిన పైపు మీద ఏసినోణ్ణి ఏ పనికైనా పంపొచ్చు. అందుకే ఎవడు ఏ టెస్టుకు కూసున్నడో ముందుగాల అదే సూస్తం."

"పైపు మీద ఫెయిలైతే?"

"మల్లొక పైపు బిగిస్తం."

సంతకానికి పెన్ను తీశాడు. నేనే ఫారం లాక్కున్నాను.

డెబ్బై ఒకటి అరవైకి జారితే? ఏమో, ఆ భయం ఇంకా పోలేదు. కానీ పొద్దున క్లాసులో వదిలేసిన లెక్కను ఇందాక ఆ ఫారం వెనకవైపే మళ్ళీ చేశాను.

మూడోసారికి వచ్చింది.