వానకు తడవని పడుగు

అమ్మకు ఓబులేసు మొక్కులు. ఆదోని పక్కన పల్లెలో నేను బాగుండా, దిగులు పడొద్దు. ఈడ కంబళ్లు నేసేవాళ్లు మొదట నాకు సరుకు చూపనేలేదు. ముందొచ్చిన వర్తకుడెవరో మాట తప్పినాడంట. నిన్న వీధిలో పడుగు దారాలు చాపి చింతగింజల గంజి పూస్తాంటే వాన దిగె. నేనూ ఒక కొస పట్టుకుని, అందరితోపాటు బీరప్ప గుడిలోకి మోస్తి. నా చొక్కా అంతా గంజే. నేసే ముసలామె సుంకమ్మ నవ్వి, "ఏమప్పా, ముందు సంగటి తిను, బేరం తర్వాత" అనె. ఈపొద్దు మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపిరి. సరుకు నాకే ఇస్తామనిరి.

నువ్వు చేసే శనక్కాయల పొడి పంపు. బర్రె ఈనిందా? చెల్లెలి దగ్గు తగ్గిందా? నాయనకు దండాలు. చలికి నువ్వు కప్పుకోను సుంకమ్మ ఒక కంబళి మొదలుపెట్టింది. అంచు నలుపు కావాల్నా, తెలుపు కావాల్నా అని అడుగుతాండాది. ఎవరిచేతైనా రాయించు.