పేరు పెట్టని అనాస చుట్టం

హనుమకొండ కుమార్‌పల్లిలో ఉంటున్న తాహెరా బేగం అనే నేను, ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. పక్షవాతం నా కుడిపక్కను తీసుకుపోయింది గానీ మతిని ముట్టలేదు. మాట తడబడుతుంది కాబట్టి వకీలు రాజేశ్వర్ రావు గారు ప్రతి వాక్యం తిరిగి చదివి, నేను తలూపాకే ఖాయం చేస్తున్నారు.

1. ఇల్లు షరియత్ ప్రకారం నా తమ్ముడు లియాఖత్ అలీకి చెందుతుంది. అందులో నేను రాసేదేమీ లేదు.

2. నా పట్టుచీరలు, అమ్మ ఇచ్చిన వెండి పాన్‌దాన్ మరదలు ఫాతిమా బేగానికి. నాకు అన్నం తినిపించి, తల దువ్విన చేతులు ఆమెవి.

3. పెరట్లోని రెండు కుండీలు, నా భూతద్దం, నెక్కొండలో పాఠాలు చెబుతున్న నా శిష్యురాలు అరుణకు. ఆ మొక్కలను లియాఖత్ ఓడ కొలువులో ఉండగా బ్రెజిల్ రేవు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. రెండూ అనాసకు చుట్టాలే, ఆకుల మొదట్లో నీళ్లు దాచుకుంటాయి. ఒకటి శాస్త్రానికి ఎప్పుడో తెలిసిన జాతి. రెండోది ఎవరూ వర్ణించని కొత్త జాతి అని నా నమ్మకం. ఆకు చూసి తేల్చలేము. తెలిసిన జాతికి పూరేకు అడుగున, లోపలివైపు, రెండు సన్నని పొలుసులుంటాయి. రెండోదానికి ఉండవని నా అనుమానం. కళ్లారా చూడనిదే కొత్త జాతి అని రాయకూడదు. ఆ మొక్క ఒక్కసారే పూసి, పిలకలు వదిలి చనిపోతుంది. ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నాను.

నేను దవాఖానలో పడి ఉండగా అది పూసింది. ఫాతిమా సంబరంగా పూలకాడను కోసి, మంచం పక్కన గ్లాసులో పెట్టింది. "ఆపా, జర చూడు, నీ చెట్టు పూసింది. నువ్వు ఇంటికొచ్చేదాంక ఆగదని కోసుకొచ్చిన. ఇగ ఫికర్ చెయ్యకు, మంచిగైతవ్" అంది. ఒక్క రేకు విప్పి చూపమనాలి. కాగితాల మధ్య ఆరబెట్టమనాలి. నోరు పెగలలేదు, చెయ్యి లేవలేదు. కళ్ల నీళ్లు మాత్రం కారాయి. సంతోషమనుకుని ఆమె తుడిచింది. నీలిరంగు రేకులు నా కళ్లముందే నల్లబడి, గ్లాసులోనే కుళ్లిపోయాయి. ఆయా పారబోసింది.

4. లియాఖత్ పండక్కి సున్నం వేయించినప్పుడు కూలీలు పిలకలను వేరే కుండీల్లోకి మార్చారు, పేర్లు రాసిన తగరపు బిళ్లలు పోయాయి. ఇప్పుడు ఏది ఏదో నాకే తెలియదు. నా మొక్క అసలు మిగిలిందో లేదో కూడా తెలియదు. "ఆకులే గద ఆపా, రెండూ ఒక్కతీరే ఉన్నయి" అన్నాడు. ఈ ఒక్క మాటకు అతణ్ణి ఇంకా క్షమించలేదని ఇక్కడ నమోదు చేయిస్తున్నాను.

5. అరుణా, పూసిన రోజు రేకు విప్పు. పొలుసులు కనబడితే నాది పొరపాటని ఒప్పుకో, నా మీది ప్రేమతో దాచకు. కనబడకపోతే పేరు నీ ఇష్టం, నా పేరు మాత్రం పెట్టకు. నేను దాని పువ్వు లోపల చూడనేలేదు.

6. మూడో అంశాన్ని ఫాతిమాకు చదివి వినిపించకూడదని వకీలు గారిని వేడుకుంటున్నాను. నా కోసం ఇంటి నుంచి పువ్వు తెచ్చింది ఆమె ఒక్కతే.

హనుమకొండ, 1983 డిసెంబరు 11, ఆదివారం.

(ఎడమచేతి సంతకం) తాహెరా బేగం

సాక్షులు: వెంకట్రాజం (మందుల దుకాణం), మొగిలయ్య (పొరుగింటివారు).