మూడు కాగితాల మీద ‘చూడొద్దు’

అక్కకి,

నీ చిన్న తమ్ముడు నమస్కారాలు చెప్పుకుని రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, బావా, పిల్లలూ అక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇంతవరకు మర్యాదకి రాశాను. ఇక్కణ్నుంచి కోపంతో రాస్తున్నాను, చదివేటప్పుడు పక్కన మంచినీళ్లు పెట్టుకో.

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు ఒకటే గోల, మా బ్యాండ్ విడిపోతోందా అని. మీ ఆఫీసులో పక్క సీటావిడ చెప్పిందట, ఆవిడకి వాళ్ల మరిది చెప్పాడట, ఆయన ఫోన్లో చదివాడట. "నువ్వూ పెద్దోడూ మాట్లాడుకోవడం మానేశారట కదా, నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?" అని రాశావు. మా ఇద్దరి ముక్కులూ తుడిచి పెంచినదానివి, పక్క సీటావిడ మరిది మాట నమ్మావు. ముందు నీమీదే ఒళ్లు మండింది. ఉత్తరం మడిచి సొరుగులో పడేసి రెండ్రోజులు దాని మొహం చూడలేదు.

నీ చిన్న ప్రశ్నలకి జవాబులు ముందు చెప్పేస్తాను. నా మోకాలు పర్వాలేదు. నొప్పి ఎడమకాలికి, డ్రమ్ తొక్కేది కుడికాలు కాబట్టి బతికిపోయాను. రిహార్సల్ గది కప్పు కారడం ఆగింది. మా గిటారు పొడుగోడే పైకెక్కి తారు పూశాడు. నిచ్చెన ఖర్చు మిగిలిందని టీచరమ్మ వెక్కిరించింది. ఆవిడ లెక్కల పాఠాలు మానేసి ఇరవయ్యేళ్లయినా బేస్ గిటారు వాయిస్తూ మా అందరి తాళం తప్పులూ ఇంకా దిద్దుతూనే ఉంది. అన్నయ్య సంగతి చివర్లో రాస్తాను.

మన అభిమానుల సంగతి నీకు తెలియదు. నలభై వేలమంది కలిసి ఫోన్లలో ఒక గుంపు పెట్టుకున్నారు. నేను వాళ్లని పరిశోధకులంటాను. ముప్పై ఒక్క ఏళ్లు మా పాటలు విన్నారు, సరే, వాళ్ల వల్లే మా పొయ్యి వెలిగింది, ఆ కృతజ్ఞత నాకుంది. కానీ ఇప్పుడు వాళ్లు పాటలు వినడం మానేసి మా కాళ్ల మధ్య దూరం కొలుస్తున్నారు. పొడుగోడు అన్నయ్యకి రెండడుగులు ఎడంగా నిలబడ్డాడట, గొడవ. స్పీకరు మోతకి చెవి నొప్పెట్టి జరిగాడని ఎవడికి తెలుసు? టీచరమ్మ వేరే కారులో వచ్చిందట, చీలిక. ఆవిడ నడుముకి వ్యాను కుదుపులు పడవు, అంతే. నా చేతిలోంచి కర్ర జారితే అది నా అసంతృప్తట! చెమట చేతులక్కా, యాభై నాలుగేళ్ల చెమట చేతులు!

నవ్వుకుని ఊరుకునేవాణ్ని. కానీ పోయిన నెల ఎవడో పొడుగోడి ఇంటి గేటు మీద ఎర్ర రంగుతో ‘ద్రోహి’ అని రాసిపోయాడు. అన్నయ్యని గెంటేసి బ్యాండ్ తనే కాజేయాలని చూస్తున్నాడని వాళ్ల తీర్మానం. వాడి భార్య కిరోసిన్ గుడ్డతో పొద్దున్నంతా రుద్దింది. రంగు పోయింది గానీ దాని కింద పెయింటు కూడా లేచిపోయి, అక్షరాలు ఇప్పుడు తెల్లగా కనిపిస్తున్నాయి. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇదంతా దేనివల్లో చెప్తాను. మేం వేదికెక్కే ముందు ఏ పాట తర్వాత ఏ పాటో రాసిన కాగితం ఒకటి ఎవరి కాళ్ల దగ్గర వాళ్లకి టేపుతో అంటిస్తాం. అందరికీ ఒకే వరుస ఉంటుంది, పక్కన ఎవరి గుర్తులు వాళ్లు రాసుకుంటారు. కచేరీ అయ్యాక అభిమానులు దొరికితే ఎగబడి ఆ కాగితాలు పీక్కుపోతారు, ఇంట్లో అద్దం కట్టించి పెట్టుకుంటారు. ఈసారి నాలుగూ దొరికాయి వాళ్లకి. పక్కపక్కన పెట్టి ఫొటో తీశారు. ఆఖరి పాట, నువ్వు బస్సు టిక్కెట్ల వెనక రాసిచ్చిన వాన పాట, దాని పక్కన నా కాగితంలో "రెండో చరణం, చూడొద్దు" అని ఉంది. పొడుగోడి కాగితంలో ఉంది. టీచరమ్మ కాగితంలోనూ ఉంది. అన్నయ్య కాగితంలో లేదు.

ఇంకేం కావాలి? ముగ్గురూ ఒక్కటై పాడేవాణ్ని వెలేశారు, కనీసం మొహం కూడా చూడకూడదని రాసుకున్నారు, ఇదిగో రుజువు అని నలభై వేలమందీ గుండెలు బాదుకున్నారు. మీ పక్క సీటావిడ మరిది దగ్గరికి చేరింది అదే.

అక్కా, నీకిప్పుడు నిజం చెప్పాలి. పద్నాలుగు నెలలుగా ప్రతి ఉత్తరంలో "అన్నయ్య బాగున్నాడు" అని రాస్తూ వచ్చాను. అబద్ధం రాశాను. అన్నయ్యకి జ్ఞాపకంలోంచి మాటలు జారిపోతున్నాయి.

నిరుడు ఒక హాల్లో వాన పాట రెండో చరణం దగ్గర ఆగిపోయాడు. వేలసార్లు పాడిన పాట. మేం ముగ్గురం ఉలిక్కిపడి ఒకేసారి తిరిగి చూశాం. మా మొహాలు చూసి బెదిరిపోయాడు. మిగతా పాటంతా మైకు కడ్డీ పట్టుకుని, ఊతకర్ర పట్టుకున్నట్టు నిలబడి పాడాడు. "ఏమైందిరా, అందరూ నన్నట్లా చూశారు?" అని తర్వాత అడిగాడు. తను ఆగిన సంగతే గుర్తులేదు.

ఆ రోజే నేను ఒక పద్ధతి పెట్టాను. అన్నయ్య ఆగితే ఎవరూ చూడొద్దు. నేను అదే తాళం తిప్పి తిప్పి వాయిస్తాను, టీచరమ్మ ఆ పాదం లోగొంతుకతో అందిస్తుంది, అన్నయ్య అందుకుంటాడు. మనం చూడకపోతే బెదరడు, బెదరకపోతే దొరుకుతుంది. పని చేసింది కూడా. కానీ అన్నయ్యకి మాత్రం చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని కసురుతాడు. ఇక నేనూ ఊరుకున్నాను. పాట నడుస్తోంది కదా అని ఊరుకున్నాను.

ఈ పద్ధతి పెట్టాక, ఆ కాగితాలు ఎవరి చేతుల్లోనూ పడకుండా దిగేముందు పీకి నా డ్రమ్ సంచిలో కుక్కుకోవడం నా పని. ప్రతిసారీ చేశాను. వాళ్లకి దొరికిన రోజు మాత్రం లైట్లవాడితో వాదన పెట్టుకుని, ఆ ఊపులో దిగిపోయాను. మరిచిపోయింది అన్నయ్య కాదు అక్కా, నేను. వాళ్లు పొడుగోణ్ని ద్రోహి అంటుంటే, పోనీలే, గొడవనుకుంటే అన్నయ్య జబ్బు బయటపడదని నోరు మూసుకున్నది కూడా నేనే. వాడి గేటు మీద రాయాల్సిన మాట కాదది.

ఆ ఫొటో అన్నయ్యకీ చేరింది. బుధవారం మధ్యాహ్నం నేను డ్రమ్ తోలు బిగిస్తుంటే, కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని, ఫోను చాపి పట్టుకుని వచ్చాడు.

"ఏరా చిన్నోడా, నేనేం తప్పు చేశాన్రా? ఏడాది నుంచి చూస్తున్నాను, ఆ పాట దగ్గర మీరెవరూ నావైపు చూడట్లేదు. నా భ్రమేమో అనుకున్నాను. నలభై వేలమందికి తెలిసింది, నాకు చెప్పరా?"

మెల్లగా చెప్పాల్సింది. అరిచాను. "పాటలు మరిచిపోతున్నావు అన్నయ్యా! ఆగిపోతున్నావు! మేం మోస్తున్నాం!" అని గది అదిరేలా అరిచాను. నా కోపం ఎవరిమీదో, వెళ్లి పడింది ఎవరిమీదో. అలా అరిచినందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

అన్నయ్య పొడుగోడి స్టూలు మీద కూర్చున్నాడు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"పద్నాలుగు నెలలు."

"ఈ మాట నాకు చెప్పడం ఇదే మొదటిసారా? ఇంతకుముందు కూడా చెప్పావా?"

మొదటిసారేనని చెప్పాను. "హమ్మయ్య" అన్నాడు. ఆ ‘హమ్మయ్య’కి నేను ఏడ్చాను అక్కా, ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గదిలో మొదటిసారి.

డాక్టరు దగ్గరికి మర్నాడే వెళ్లాం. ఏవో పరీక్షలు రాశారు, ఇంకా తేలాలి. బ్యాండ్ సంగతి మాత్రం అన్నయ్యే తేల్చేశాడు. వచ్చే నెల పదిహేనున మా ఆఖరి కచేరీ. జబ్బు సంగతి ఆ రోజు తనే మైకులో చెప్తాడట, ముందు అభిమానుల చేత పొడుగోడికి అందరి ఎదుటా క్షమాపణ చెప్పించాకే పాట మొదలెడతాడట. పరిశోధకులు గెలిచారు, పండగ చేసుకోమను! మేం విడిపోతున్నాం. కారణం ఒక్కటే వాళ్లకి తట్టలేదు.

నిన్న అన్నయ్య ఆ కచేరీ కాగితాలు తన చేత్తోనే రాశాడు. అక్షరాలు కాస్త వంకరపోయాయి. వాన పాట పక్కన "రెండో చరణం, నావైపు చూడండి" అని రాశాడు. మేమంతా చూస్తూ ఉంటే, ఆగినా పర్వాలేదట. తలలు తిప్పుకుంటేనే ఒంటరిగా ఉంటోందట.

లెక్కపెడితే ఐదు కాగితాలున్నాయి. మేం నలుగురమే కదా, మళ్లీ పొరబడ్డాడని భయపడి ఇంకోసారి లెక్కపెట్టాను. ఐదోది ఎవరికని అడిగాను.

"అక్కకి. అది అక్క పాట. ముందు వరుసలో కూర్చోమను. నాకు రాకపోతే తను అందిస్తుంది" అన్నాడు.

నీ కాగితం ఈ కవరులోనే పెడుతున్నాను. రైలు టిక్కెట్టు ఇవాళే తీసుకో.

ఇట్లు,
కోపం ఇంకా సగమే తగ్గిన నీ చిన్న తమ్ముడు