మగ్గం లేని పాట

సీనన్నా,

నీకిష్టమైన ఆ పాత రాక్ ఆల్బమ్ శబ్దాన్ని శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. నిన్న సుబేదారిలో రాజన్న ఇంట్లో నీ దోస్తులంతా కూడి విన్నారు, నన్నూ పిలిచారు.

"జర విను తమ్మీ, ఎంత సాఫ్‌గ వస్తాందో!" అని రాజన్న మురిసిపోయాడు.

మూడో పాటకు నేను తికమకపడ్డాను. "డ్రమ్మేదన్నా?"

"ఆ పాటల డ్రమ్ము యాడిది తమ్మీ?"

అందరూ నన్నే చూశారు.

ఇంటికొచ్చి, నువ్వు రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి అదే ఆల్బమ్ ఎక్కించిన క్యాసెట్ వేశాను. డ్రమ్ము ఉంది. అది మన మరమగ్గం చప్పుడు. మధ్యలో నీ గొంతు కూడా ఉంది: "బాపూ, జర మగ్గం ఆపరాదే!"

బాపు ఆపలేదు.

మరి నువ్వు పోయినప్పటి నుంచి నేను వింటున్నది ఏ పాటన్నా?