అంతర్వేది దాకా పంటు మీద

బిడ్డా శైలజా, నేనూ మీ అన్న దివాకరూ బాగున్నాం. అమ్మకు ఇది చదివి వినిపించు.

నర్సాపురంలో గోదావరి అడ్డమొచ్చింది. వంతెన మీదుగా చుట్టు తిరిగితే డీజిలు దండగని అన్న కారును పంటు ఎక్కించాడు. పంటంటే కార్లనూ మనుషులనూ కలిపి అవతలి ఒడ్డుకు దాటించే పెద్ద పడవ. నా సంతోషం ఏమని రాయను తల్లీ! ఈ కొస నుంచి ఆ కొసకు పదిసార్లు తిరిగాను. చేపల గంపతో ఒకావిడ, "ఏ ఊరండీ బాబాయిగారూ?" అంది.

"తార్నాకమ్మా. యూనివర్సిటీల తోటపని చేసిన. సముద్రం సూడనీకి పోతున్న."

"మరి పిన్నిగారేరండీ?"

ఆ మాటతో తిరగడం ఆపి, వచ్చి కారులో కూర్చున్నాను. హాస్టల్ మెస్సులో వంట మానలేనని అమ్మ తాను రాకుండా నన్ను అన్నతో పంపింది కదా. అంతర్వేదిలో అన్న ఒక్కడే సముద్రం నీళ్ళ దాకా వెళ్ళాడు. నేను కారులో కళ్ళు మూసుకుని హోరు విన్నాను. రేపు పోయే దారికి కుడి పక్కన సముద్రమట. నేను ఎడమ పక్క కొబ్బరితోటలే చూస్తాను.

అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? దసరాకు నాలుగు రోజులు సెలవు అడగమను. నలుగురం ఇదే పంటు ఎక్కుదాం. నువ్వు చల్లగా ఉండు, బాగా చదువు. నాయన ఇంకా సముద్రం చూడలేదని అమ్మతో చెప్పు.

మీ నాయన,
కొమురెల్లి