ఆ కొండలు నావి కావు

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

మీ చిత్రకళా కళాశాలలో సీటు వచ్చినవారి జాబితాలో నా పేరు చూసుకున్నాను. కానీ ఒక విషయం చెప్పకుండా చేరలేను.

నేను పంపిన ప్రకృతి దృశ్యంలో వెనకాల కొండలు చాలా బాగున్నాయని రాశారు. అవి నేను వేసినవి కావు. నాతో ఐదో తరగతి దాకా చదివి, ఇప్పుడు దుకాణాలకి బోర్డులు రాసే నా స్నేహితురాలే నాకు రంగులు కలపడం నేర్పింది. దగ్గరి చెట్లకి పూసిన పచ్చరంగే కొండలకీ పూస్తుంటే చూసి, "అంత దూరం నుంచి ఆకులు లెక్కపెడతావేంటే? కుంచె ఇటు తే," అని లాక్కుని, పలచటి నీలంతో పది నిమిషాల్లో ముగించింది. వాటిని చెరపడానికి నాకు మనసొప్పలేదు. కింద సంతకం మాత్రం నాదే పెట్టాను.

ఈ ఉత్తరం సంగతి చెబితే, "నోరు మూసుకుని చేరవే, మొద్దూ," అంది.

దయచేసి మీ ఎదుట, ఎవరి సాయమూ లేకుండా, ఇంకో చిత్రం వేయనివ్వండి. అది చాలదనిపిస్తే సీటు తర్వాతివారికి ఇవ్వండి.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నాన్న ఆ జాబితాను తలుపుకి అంటించి, వచ్చినవాళ్లందరికీ నా పేరు మీద వేలు పెట్టి చూపిస్తున్నారు. ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. మీ జవాబు ఇంటికే పంపండి. చదివి వినిపించేది నేనే. ఉన్నదున్నట్టు చదువుతాను.

ఇట్లు,
జాబితాలో పదకొండో పేరు గల విద్యార్థిని